కనబడలేదన్న పెళ్ళికూతురు

పోయిన వారం నాంపల్లిలో ఒక పెళ్ళికి వెళ్ళాను. ఏసీ ఫంక్షన్ హాలు. తలంబ్రాలయ్యాయి, సప్తపది అయింది. పంతులు గారు వధూవరుల్ని లేపి నాలుగడుగులు నడిపించి, పైకి వేలు చూపించి, "అదిగో అరుంధతీ నక్షత్రం! కనబడిందా అమ్మా?" అని అడిగారు. పైనున్నది ఫాల్స్ సీలింగు. దాన్నిండా వరసగా పొదిగిన లైట్లు. బయట మిట్టమధ్యాహ్నం ఎండ మాడుస్తోంది. పెళ్ళికూతురు మెడ ఎత్తి, వీడియో అబ్బాయి సైగ చేస్తే ఇంకాస్త ఎత్తి, "కనబడింది" అంది. పెళ్ళికొడుకు అడగకముందే కనబడిందన్నాడు.

అక్షింతలు వేసే వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చాక ఆ పిల్ల తల మీద నాలుగు గింజలు వేసి, చెవి దగ్గరికి వంగి, "నాక్కూడా కనబడలేదమ్మా" అన్నాను. పిల్ల ఉలిక్కిపడి నా మొహం చూసింది, పక్కున నవ్వింది. ఫోటోగ్రాఫరు "మేడమ్, ఇటు ఇటు" అని మొత్తుకుంటున్నా నవ్వు ఆపుకోలేకపోయింది. వెనకనున్న వాళ్ళత్తగారు నన్ను అదోలా చూశారు. చూడనీ అనుకుని భోజనాలకి దిగిపోయాను.

ఆ మాట నా సొంతం కాదు. బేగంబజారులో ఇత్తడి సామాను అమ్ముకునే ఒక కుర్రాడు, ఎప్పుడో నా పుట్టుకకి ముందు, పెళ్ళి పందిట్లో తన పక్కనున్న పెళ్ళికూతురి చెవిలో అన్న మాట. నాకు చెప్పింది ఆ పెళ్ళికూతురే. చెప్పేనాటికి ఆవిడ పండు ముసలి. మా నాంపల్లి బిల్డింగులో మిద్దె మీదున్న ఒంటిగదిలో కిరాయికి ఉండేది. అందరూ పెద్దమ్మా అనే పిలిచేవాళ్ళం. పోయిన వానాకాలంలో పోయింది.

పెద్దమ్మ అనగానే నాకు ముందు వినబడేది "ఒట్టు పెట్టు" అన్న మాట. బెండకాయల బండివాడు లేతవే అమ్మా అంటే, "ఒట్టు పెట్టు" అనేది. వాడు త్రాసులోంచి ఓ గుప్పెడు తీసి మళ్ళీ గంపలో పడేసి, మంచివి ఏరి వేసి, అప్పుడు పెట్టేవాడు ఒట్టు. గ్యాసబ్బాయి రేపొస్తానంటే ఒట్టు. మా ఆయన ఎలక్షన్ల గురించి ఏదో జోస్యం చెబితే దానికీ ఒట్టే. ఒకసారి ఆవిడని కంటి దవాఖానకి నేనే తీసుకెళ్ళాను. నీటికాసులు, అంటే గ్లకోమా. ఒక కన్ను అప్పటికే పోయింది. రెండో కంటికి మిగిలింది నడిమధ్యన చిన్న గుండ్రటి చూపు, అదీ తగ్గుతోంది. డాక్టరు, "పోయింది తిరిగి రాదమ్మా, ఉన్నదాన్ని వీలైనన్నాళ్ళు కాపాడుకుందాం" అన్నాడు. "రాదా? ఒట్టు పెట్టు" అంది. ఆయన పెన్ను కింద పెట్టి, "ఒట్టమ్మా" అన్నాడు. ఆటోలో వస్తూ పెద్దమ్మ ఎంత సంతోషపడిందో చెప్పలేను. "మంచి డాక్టరు బిడ్డా. తగ్గుతది తగ్గుతది అని పైసలు గుంజలె. తగ్గదని ఒట్టేసి చెప్పిండు."

చూపు అలా గొట్టంలోంచి చూసినట్టు అయ్యాక ఆవిడ లోకాన్ని ముక్కలు ముక్కలుగా చూసేది. నేను కొత్త చీర కట్టుకుని పైకి వెళితే, అంచు దగ్గర మొదలుపెట్టి, మెడ కొంచెం కొంచెం తిప్పుతూ పైకి వచ్చేది. మధ్యలో అలిసిపోతే, "అంచు చూసిన, మంచిగున్నది. పల్లు రేపు చూస్త" అనేది. చూడనిదాన్ని బాగుందని మాటవరసకైనా అనేది కాదు. గుమ్మాలకీ స్తంభాలకీ గుద్దుకోకుండా కుడి చెయ్యి ముందుకి చాపి నడిచేది. అయినా గుద్దుకునేది. గుద్దుకుంటే స్తంభాన్ని, "జెర జరుగమ్మా" అని బతిమాలేది.

మా తాతగారు రాష్ట్రం ఏర్పడ్డ కొత్తల్లో గుంటూరు నుంచి ఉద్యోగం మీద ఈ ఊరొచ్చారు. మూడు తరాలు ఇక్కడే ఉన్నా మా ఇంట్లో తెలుగు మాత్రం కృష్ణ దాటి రాలేదు. పెద్దమ్మది పాత హైదరాబాదు కుటుంబం. "మీది బడి తెలుగు బిడ్డా, మాది నోటి తెలుగు" అని నన్ను ఆటపట్టించేది. నేను "అలాగేనండీ" అంటే, "అలాగేనండీ" అని సాగదీసి నవ్వేది.

ఇక దుర్బీన్ సంగతి. చిన్నప్పటి నుంచీ నాకు టెలిస్కోపు కొనుక్కోవాలని కోరిక. పిల్లల చదువులూ ఇంటి అప్పూ అయ్యాక, ఆఫీసుకి దగ్గర్లోనే ఆబిడ్స్ సందులో ఒక దుకాణంలో చూసి, కొత్తగా నేర్చుకునేవాళ్ళకని అమ్మే చిన్నరకం ఒకటి ఖాయం చేసుకున్నాను. మా ఆయన విని, "బట్టలారేసుకోవడానికే చోటు లేదు ఇంట్లో. తాను దూర సందు లేదు, మెడకో డోలు" అన్నాడు. ఆదివారం పెద్దమ్మని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆదివారమైతే ఆబిడ్స్ ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. ఆవిడ వాటి మధ్య నుంచి చెయ్యి చాపుకుంటూ, పుస్తకాలకి కూడా దారి ఇమ్మని చెప్పుకుంటూ నడిచింది. డబ్బా తీసుకుని బయటికొచ్చాక దాన్ని పైనుంచి కింద దాకా తడిమి చూసింది.

"గిండ్ల ఏమేం కనబడ్తయి?"

"చంద్రుడి గుంటలు, శని చుట్టూ ఉండే వలయం, గురుగ్రహం చంద్రులు..."

కొంతదూరం నడిచింది. బస్సుల హారన్ల మధ్య ఉన్నట్టుండి ఆగింది.

"అరుంధతి కనబడ్తదా?"

"కనబడుతుంది పెద్దమ్మా."

"ఒట్టు పెట్టు."

ఆబిడ్స్ రోడ్డు పక్కన, డబ్బా చంకలో ఇరికించుకుని, ఆవిడ తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను. అప్పటికి నేను డబ్బా మూతైనా విప్పలేదు.

ఆ సాయంత్రం మిద్దె మీద కాళ్ళు బిగిస్తూ, మరలు వెతుక్కుంటూ ఉంటే పక్కన కూచుని పెళ్ళి కథ చెప్పింది.

ఆవిడ పెళ్ళీ పగలే జరిగింది. పంతులు పందిరి బయటికి తీసుకొచ్చి ఎర్రటి ఎండలో అరుంధతిని చూపించాడు. పెళ్ళికొడుకు కనబడిందన్నాడు. ఈ పిల్ల మాత్రం కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని వెతికి వెతికి, "ఏది? నాకు కనబడ్త లేదు" అంది. పంతులు ఇంకోసారి చూపించాడు. కనబడలేదంది. "కనబడ్డది అను బిడ్డా" అని తల్లి గిల్లింది. "కనబడంది కనబడ్డదని ఎట్లంటనే?" అని పైకే అడిగేసింది. పందిరంతా చప్పబడిపోయింది. ఎందుకంటే ఒక నమ్మకం ఉంది కదా, ఆయువు తీరినవాళ్ళకి అరుంధతి కనబడదని, ఆరునెలల్లో పోతారని! మగపెళ్ళివారి వైపు ముసలమ్మలు బుగ్గలు నొక్కుకున్నారు. అత్తగారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"గప్పుడు," అంది పెద్దమ్మ, "గాయన జెర పక్కకు ఒంగి నా చెవుల అన్నడు. 'నాక్గూడ కనబడలె' అని. గంతే బిడ్డా. అప్పటిదాంక ఆయన మొకం గూడ సక్కగ చూడలె నేను."

ఆ తర్వాత ఇంట్లో ఆవిడ పేరే "అరుంధతి కనబడనిది" అయిపోయింది. దగ్గితే చాలు అందరూ నెలలు లెక్కపెట్టుకునేవాళ్ళు. "ఆర్నెల్లల్ల పోతనన్నరు. అన్నోళ్ళందరి దినాలకు నేనే గారెలకు పప్పు రుబ్బిన" అని నవ్వేది. కానీ ఆ బేగంబజారు కుర్రాడు మాత్రం మనసులో పెట్టుకున్నాడు. దుకాణం కట్టేసి వచ్చాక మిద్దెక్కి, ఉత్తరం వైపు తిరిగి, ఇదిగో అదే అరుంధతి అని ఏదో ఒక చుక్కని చూపించేవాడు. "ఒట్టు పెట్టు" అనేది ఆవిడ. అతను నీళ్ళు నమిలేవాడు. బజారు దీపాల వెలుతురుకి అంత చిన్న చుక్క ఎక్కడ కనబడుతుంది? "ఒక్కసారన్న దొంగ ఒట్టు పెట్టలె నా మనిషి. పొయ్యేదాంక ఎతుకుతనే ఉండె" అంది.

మిగిలిన కంటిని రెండు వేళ్ళతో ముట్టుకుంది. "గిది ఎన్నొద్దులుంటదో ఎర్క లేదు. గిది మూసుకపోకముందే ఒక్కసారి చూసుకోవాలె."

మరలున్న డబ్బా నా చేతిలో బరువెక్కింది. శనీ గురుడూ అన్నీ మర్చిపోయాను.

పెద్ద గొట్టంలోంచి చూస్తే ఆకాశంలో బొట్టుబిళ్ళంత మేర కనిపిస్తుంది. అందుకని దాని వీపు మీద చిన్న గొట్టం ఒకటి, ఫైండర్ అని బిగించి ఉంటుంది. అది ఎక్కువ మేర చూపిస్తుంది. మధ్యలో రెండు గీతలు అడ్డంగా నిలువుగా ఉంటాయి. చుక్కని ఆ గీతలు కలిసే చోటికి తెస్తే, పెద్దగొట్టంలో అదే చుక్క కనబడాలి. కనబడాలి అంటున్నాను గానీ నాకు దొరికిన ఫైండర్‌కి ఆ బుద్ధి లేదు. ప్లాస్టిక్ కడియంలో లొడలొడా ఊగుతోంది. చిన్నదాంట్లో చంద్రుణ్ణి సరిగ్గా గీతల మీదకి తెచ్చి పెద్దదాంట్లో చూస్తే కటిక చీకటి. అంత చంద్రుడు కూడా దొరకలేదు.

పెద్దమ్మకి ఇదంతా వివరించాను. విని, "ఓహో, గిది పెండ్లిళ్ళ పేరయ్య అన్నట్టు" అంది. "పేరయ్య చూపిచ్చిన పిల్ల ఒకతి, పీటల మీద ఉన్న పిల్ల ఇంకొకతి." ఆ రోజు నుంచి మా ఇంట్లో ఫైండర్‌కి పేరయ్య అన్న పేరే ఖాయమైంది. మా ఆయన కూడా ఆఫీసు నుంచి రాగానే, "ఏమంటున్నాడు పేరయ్య, సంబంధం కుదిర్చాడా?" అని అడిగేవాడు.

కుదర్చలేదు. సందులో కాగితం మడిచి కుక్కాను, ఊడింది. టేపు చుట్టాను, వేసవి వేడికి జిగురు కరిగి జారింది. "కారే నల్లాకు ఏం చుడ్తరు మీ ఇంట్ల?" అని అడిగింది పెద్దమ్మ. సైకిల్ ట్యూబు. మర్నాడు సైకిల్ షాపు నుంచి పాత ట్యూబు ముక్క తెచ్చి, గాజులా కోసి తొడిగితే, లొడలొడ ఆగింది. తర్వాత మూడు మరలు. వాటిని బిగిస్తూ వదులు చేస్తూ చిన్నగొట్టాన్ని అటూ ఇటూ తిప్పాలి. నేను ఒకదాన్ని బిగిస్తూ పోతున్నాను, అది కదలనంటోంది. ఇంకా బిగిస్తే ప్లాస్టిక్ చిట్లేట్టుంది. పెద్దమ్మ మూడు మరల మీదా వేలు పెట్టి చూసింది.

"మొగపెండ్లోళ్ళు, ఆడపెండ్లోళ్ళు, పేరయ్య కమీషను. ముగ్గురు ఒక్కసారి బిగుసుకుంటే సంబంధం ఎట్ల కుదురుతదే? ఒకరు ముందుకొస్తే ఇంకొకరు జెర ఎన్కకు తగ్గాలె."

ఒకటి వదులు చేసి ఒకటి బిగించాను. పేరయ్య బుద్ధిగా కదిలాడు. ఎదురు బిల్డింగు మీదున్న నీళ్ళ ట్యాంకు మూతని పెద్దగొట్టం మధ్యకి తెచ్చి, చిన్నదాన్ని దానికి కలిపాను. రెంటిలోనూ అదే మూత, సరిగ్గా మధ్యన. గెలిచామనుకుని ఇద్దరం టీ తాగాం.

చీకటి పడగానే చిత్తా నక్షత్రం మీదకి తిప్పాను. గీతలు కలిసే చోట చిత్త, పెద్దగొట్టంలో కూడా చిత్త. నాకు సంతోషం పట్టలేదు. పెద్దమ్మని కూచోబెట్టాను. చూసింది, చూసింది, "కనబడలె" అంది.

"ఉంది పెద్దమ్మా. సరిగ్గా మధ్యలో లేదు, కాస్త ఓరగా ఉంది. అటు చూడు."

"నాకు ఓర లేదు బిడ్డా" అంది మెల్లిగా. "నాకు నడిమిట్లనే కనబడ్తది."

ఆ మాటకి నా ప్రాణం చివుక్కుమంది. మనకైతే చూపు ఎటు కావాలంటే అటు పరుగెడుతుంది, కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుంటాం. ఆవిడ కంటికి ఆ సర్దుబాటు లేదు. చుక్క వచ్చి సరిగ్గా నడిమధ్యన నిలబడితేనే ఉన్నట్టు. అక్కడ లేకపోతే లేనట్టే. ఇంకెవరికైనా పనికొచ్చే పేరయ్య ఆవిడకి పనికిరాడు.

"ఏం చూసి కలిపినవ్?" అని అడిగింది.

"ఎదురింటి ట్యాంకు."

"పక్కింటోళ్ళనా అడిగేది! పిల్ల ఎసొంటిదని పక్కింటోళ్ళను అడిగితె సక్కగ చెప్తరా ఎవరన్న? దూరమోళ్ళను అడగాలె గని."

ముందు నవ్వాను. తర్వాత ఆలోచిస్తే నవ్వు ఆగిపోయింది. రెండు గొట్టాలకీ మధ్య జానెడు దూరం ఉంది. దగ్గరి వస్తువుకి కలిపితే రెండు చూపులూ ఆ వస్తువు దగ్గర కలుసుకుని, అది దాటాక ఒకదాన్నొకటి వదిలేసి పోతాయి. నక్షత్రం దాకా కలిసి వెళ్ళాలంటే బాగా దూరపుదాన్ని చూసే కలపాలి. ఆవిడ ఇదంతా లెక్కకట్టి అన్నదని నేననను. సంబంధాల గురించి తనకి తెలిసిన మాట అన్నది, అది ఇక్కడ అతికినట్టు సరిపోయింది.

మర్నాడు పొద్దున్నే దూరంగా కొండ మీదున్న బిర్లా మందిర్ కలశానికి కలిపాం. ఫైండర్‌లో అంతా తలకిందులుగా కనిపిస్తుంది. అది చూపిస్తే, "అయ్యో, దేవుడు శీర్షాసనమేసిండు" అని చెంపలేసుకుంది. తర్వాత పెద్దగొట్టం దగ్గర కూచుంది. నాంపల్లిలో ఉంటూ కూడా ఆ గుడిని చూసి ఎన్నేళ్ళయిందో ఆవిడకి. నేను గొట్టాన్ని వెంట్రుకవాసి చొప్పున కిందకి దించుతుంటే కలశం నుంచి ముక్క ముక్కగా దిగుతూ వచ్చింది. "కలశం... తెల్ల రాయి... ఆగాగు. పావురం కూసున్నది." కాసేపాగి, "మెడ గోక్కుంటున్నది" అంది. ఎగిరిపోయేదాకా ఆ పావురాన్నే చూసింది. చూపు ఇంత చిన్నదైపోయాక కూడా ఒక మనిషి ఇంతగా చూడగలదా అని నేను ఆవిడ వెనక నిలబడి ఆశ్చర్యపోయాను.

వైశాఖంలో పొద్దుగూకాక సప్తర్షులు ఉత్తరాన బాగా పైకొచ్చి ఉంటారు. తోకలో మధ్యన ఉన్నవాడు వసిష్ఠుడు. ఆయన పక్కనే ఉండే అరుంధతి నాంపల్లి లైట్లలో నా కంటికీ ఆనదు. స్కూల్లో మా తెలుగు మాస్టారు స్థూలారుంధతీ న్యాయం అని చెప్పేవారు, చిన్న అరుంధతిని చూపించాలంటే ముందు పక్కనున్న పెద్ద చుక్కని చూపించాలని. పరీక్షకి బట్టీపట్టాను. అది ఫైండర్ గురించి కూడానని ఆ సాయంత్రం మిద్దె మీద తెలిసింది.

పెద్దమ్మ తన గదిలోంచి పీట తెచ్చుకుని వేసుకుంది. "పేరయ్య కాడ నువ్వు, పీట మీద నేను" అంది. రెండు గొట్టాలూ పక్కపక్కనే కావడంతో మా తలలు ఢీకొన్నాయి. "కొమ్ములొస్తయి, ఇంకొక్కసారి" అని మళ్ళీ కావాలని ఢీకొట్టింది. నా మెడ విరిగేలా ఉంది. వసిష్ఠుణ్ణి గీతల మీదకి తెచ్చాను. పెద్దగా చేసి చూపించే రెండో కటకం పెట్టాను.

"కనబడ్డది!" అంది పెద్దమ్మ. "రెండున్నయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఆయన, ఆమె. సక్కగ అతుక్కొని ఉన్నరు. కనబడ్డది బిడ్డా!"

ఆవిడ చూస్తున్నది అరుంధతి కాదు. మామూలు కంటికి ఒకటిగా కనబడే వసిష్ఠుడు దుర్బీన్‌లో చూస్తే రెండు చుక్కలుగా విడిపోతాడు. అరుంధతి ఇంకా ఎడంగా, ఆవిడ చూపుకి అందకుండా ఉంది. ఆవిడ గొంతులో ఎంత ఆనందమో! ఔనని ఒక్కమాట నేనంటే చాలు. ఆవిడ కోరిక తీరిపోతుంది. పందిట్లో వాళ్ళందరూ ఆవిడ చేత అనిపించాలని చూసింది కూడా అలాంటి మాటే కదా. నోటి దాకా వచ్చింది. అనలేకపోయాను.

"కాదు పెద్దమ్మా. అది అరుంధతి కాదు. ఆ ఇద్దరూ వసిష్ఠుడే."

తలెత్తింది. "ఏందీ?"

"వసిష్ఠుడి పక్కన ఇంకో చుక్క అతుక్కుని ఉంటుంది. అరుంధతి కొంచెం అవతల ఉంది. ఇప్పుడు జరుపుతాను."

కటకం వదిలి నా వైపు తిరిగింది. నాకు భయమేసింది. తర్వాత విరగబడి నవ్వింది, కొంగుతో కన్ను తుడుచుకుంటూ. "గింత పెద్ద ముని, రెండిండ్లోడా! అరుంధతి అందుకే దూరం జరిగి కూసున్నట్టుంది." నవ్వు ఆగాక నా చెయ్యి పట్టుకుంది. "మంచిగ చెప్పినవ్ బిడ్డా. నువ్వు ఔనంటే నేను గదే అనుకుని పోదును."

మళ్ళీ మొదలుపెట్టాం. గొట్టాన్ని వేలితో తాకితే చాలు, ఎక్కడికో పోతుంది. నిలిపితే భూమి ఊరుకోదు, చుక్క జారిపోతుంది. "నిలబడమను జెర" అనేది. పోయింది, వెతికాను. మళ్ళీ పోయింది. పోయినప్పుడల్లా పేరయ్య దగ్గరికి వెళ్ళి మొదటినుంచి అడిగాను, ఆయన మాత్రం ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. చివరికి అరుంధతి నడిమధ్యకి వచ్చింది. నేను ఊపిరి బిగబట్టి పక్కకి జరిగాను. పెద్దమ్మ వంగింది.

వీపు కదలడం లేదు. కింద రోడ్డు మీద హారన్లు మోగుతున్నాయి.

"తెల్లగున్నది" అంది చాలాసేపటికి. "చిన్నగున్నది. ఒక్కతే ఉన్నది." తర్వాత కన్ను తియ్యకుండానే, "ఒట్టు పెట్టు" అంది.

కొబ్బరినూనె రాసి దువ్విన ఆ తల మీద చెయ్యి పెట్టాను. "ఒట్టు పెద్దమ్మా. అదే అరుంధతి."

పీట మీంచి లేచింది. కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. నా వైపు తిరగలేదు, ఆకాశం వైపూ చూడలేదు. ఎదురుగా పందిరినిండా జనం కూచుని ఉన్నట్టు నిటారుగా నిలబడి, గొంతెత్తి అంది.

"కనబడ్డది, పంతులూ!"

పక్క మిద్దె మీద ఆరిన బట్టలు తీస్తున్న ఆవిడ ఉలిక్కిపడి ఇటు చూసింది. అన్నేళ్ళు ఒక జవాబుని తన దగ్గరే అట్టేపెట్టుకుని, నిజమయ్యాకే చెప్పిన మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు. ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది, పెట్టాను. "ఏంది బిడ్డా, పండగనా ఏమన్ననా?" అని కసురుకుంది.

ఆ తర్వాత కొన్నాళ్ళు నాంపల్లిలో తెలిసినవాళ్ళందరికీ చెప్పింది. "అరుంధతి మంచిదే, వసిష్ఠుణ్ణి మాత్రం నమ్మకున్రి" అని ముక్తాయింపు కూడా ఇచ్చేది. రోజూ మెట్ల దగ్గర ఎదురైతే ముందు పేరయ్య కులాసా అడిగి, తర్వాత నా కులాసా అడిగేది. ఏడాది తిరక్కుండానే ఆ కన్నూ మూసుకుపోయింది. మిద్దె మీద ఒంటరిగా ఉండడం కుదరక కాచిగూడలో కూతురి దగ్గరికి వెళ్ళింది. పీట మాత్రం నాకు ఇచ్చి వెళ్ళింది.

శ్రావణంలో ఒక సాయంత్రం కూతురు ఫోన్ చేసింది. "అక్కా, అమ్మ నిన్ను అడుగుతున్నది. జెర రాగలవా?"

వెళ్ళేసరికి గదినిండా చుట్టాలు. మంచం కిటికీ పక్కన వేశారు. పెద్దమ్మ మనిషి సగమైంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. నేను గుమ్మంలో ఉండగానే వినబడింది, కూతుర్ని అడుగుతోంది.

"ఏం నెల గిది?"

"శ్రావణం అమ్మా."

"గట్లయితే గీ యాళ్ళకు వాయవ్యంల ఉంటది. కిటికీ గదే దిక్కు కదా. అరుంధతి కనబడ్తున్నదా?"

కూతురు కళ్ళు తుడుచుకుంది. "కనబడ్తున్నది అమ్మా. మంచిగ కనబడ్తున్నది."

"ఒట్టు పెట్టు."

కూతురు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకి వెళ్ళిపోయింది. గదిలో ఉన్నవాళ్ళందరికీ ఆ నమ్మకం తెలుసు. అలాంటప్పుడు అరుంధతి ఊసెత్తితే ఎవరికి భయం వెయ్యదు? నన్ను చూసి ఒక పెద్దాయన లేచి వచ్చి, "మీరైనా కనబడుతుందని చెప్పండమ్మా, ప్రాణం కుదుటపడుతుంది" అని గుసగుసగా అన్నాడు.

మంచం దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. పట్టు చూసే గుర్తుపట్టింది. "దుర్బీన్ బిడ్డవా? నువ్వు చెప్పు. ఉన్నదా?"

కిటికీలోంచి చూశాను. సన్నటి జల్లు పడుతోంది. వీధి దీపం పైన అంతా బూడిదరంగు మబ్బు, ఒక్క చుక్క లేదు. అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. నేను వంగి, ఆవిడ చెవి దగ్గర, ఆవిడకి మాత్రమే వినబడేట్టు అన్నాను.

"నాక్కూడా కనబడట్లేదు పెద్దమ్మా. మబ్బేసింది."

ముందు కనుబొమ్మలు కదిలాయి. తర్వాత ఆ మొహమంతా నెమ్మదిగా విచ్చుకుంది. నవ్వింది. పందిట్లో ఆ కుర్రాడు చెవిలో చెప్పినప్పుడు ఎలా నవ్వి ఉంటుందో అలా నవ్వింది. కూతురు పరుగెత్తుకొచ్చి, "ఏం చెప్పినవ్ అక్కా?" అంది.

పెద్దమ్మ నా చేతిని తడుముతూ తన తల మీదకి తెచ్చుకుంది.

"మబ్బు ఎన్క ఉన్నది గదా?" అంది. "ఒట్టు పెట్టు."

పెట్టాను.